టమాటా సలాడ్ చేసే పద్ధతి: మేనకోడలికి ఒక లేఖ

తులూజ్,
ఆగస్టు.

చిరంజీవి మేనకోడలికి మీ అత్త ఆశీస్సులు.

లియోన్‌లో ఇల్లు కుదిరిందనీ, వచ్చే ఆదివారం నీతో పనిచేసేవాళ్ళను నలుగురిని మధ్యాహ్న భోజనానికి పిలిచావనీ చదివి సంతోషించాను. అసలు భోజనం మన పద్ధతిలోనే పెడతానని, దానికి ముందు మాత్రం ఇక్కడివారి అలవాటు ప్రకారం పొయ్యి వెలిగించనక్కర లేని వంటకం ఏదైనా చెప్పమని అడిగావు. అయితే టమాటా సలాడ్ చెయ్యి తల్లీ. వేసవిలో ఫ్రాన్సులో ఏ ఊరి ఇంట్లోనైనా భోజనానికి ముందు తరచుగా బల్లమీదికి వచ్చేది అదే. మన వంటల్లో తిరగమోత, కారం, చింతపండు కలిసి కూరగాయలోని లోపాన్ని కొంతవరకు కప్పిపుచ్చుతాయి. ఇందులో అటువంటి అండ ఏదీ లేదు. పండు బాగుంటే సలాడ్ బాగుంటుంది, పండు చప్పగా ఉంటే పైన ఏం పోసినా ప్రయోజనం ఉండదు. అందుకే వంటగదిలోని పని కంటే సంతలోని పని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

సోన్ నది ఒడ్డున సెంత్ ఆంత్వాన్ రేవు వెంబడి జరిగే సంతకు శనివారం ఉదయాన్నే వెళ్ళు. అక్కడ తెచ్చి అమ్మేవాళ్ళూ ఉంటారు, సొంతంగా పండించి అమ్మేవాళ్ళూ ఉంటారు. రెండో రకం వాళ్ళ దగ్గర సాధారణంగా నాలుగైదు రకాల కూరగాయలే, అవి కూడా ఆ కాలంలో పండేవే కనిపిస్తాయి. ప్రతి గంప దగ్గరా సరుకు ఎక్కడిదో రాసి ఉండాలన్నది ఇక్కడి నియమం కాబట్టి ఆ పలక చదివి మరీ కొను. జూలై నుంచి సెప్టెంబరు చివరి దాకా ఆరుబయట ఎండకు పండిన టమాటాలు దొరుకుతాయి. చలికాలంలో కనిపించేవి స్పెయిన్, మొరాకోల నుంచి వచ్చినవో, ఫ్రాన్సులోనే ఉన్న బ్రిటనీ ప్రాంతంలో వేడి పెట్టిన గాజు ఇళ్ళలో పండినవో అయి ఉంటాయి. వాటితో చారు పెట్టుకోవచ్చు గాని ఈ సలాడ్ మాత్రం చేయవద్దు. ఆ నెలల్లో ఇక్కడివారు తురిమిన క్యారెట్టో, ఉడికించిన బీట్‌రూటో ఇదే వినెగ్రెట్ (వెనిగర్, నూనె కలిపి గిలకొట్టినది, కింద చెబుతాను) కలిపి తింటారు. నువ్వూ అలాగే చెయ్యి.

రకాల విషయానికి వస్తే, నాకు అన్నిటికంటే నమ్మకమైనది మార్మాండ్. మా ఊరి మీదుగా పారే గారోన్ నదికి దిగువన ఉన్న పట్టణం పేరే దానికి వచ్చింది. కొంచెం బల్లపరుపుగా, పైన గాళ్ళు పడి, పులుపూ తీపీ సమంగా ఉంటుంది. న్వార్ ద క్రిమే అనే నల్లెరుపు రకంలో పులుపు తక్కువ, తీపి ఎక్కువ. కర్ ద బఫ్ పేరుతో అమ్మే వాటి దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండు. అసలైనది దాదాపు నున్నగా, హృదయాకారంలో, గింజలు తక్కువగా కండతో నిండి ఉంటుంది. సూపర్‌మార్కెట్లలో అదే పేరుతో కనిపించే, లోతైన గాళ్ళు పడిన హైబ్రిడ్ కాయల్లో చాలావాటికి లోపల బోలుగా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది: పరిమాణానికి తగిన బరువు లేకపోతే అక్కడే వదిలెయ్యి. గుత్తులుగా అమ్మే టమాటాల కమ్మని వాసన చూసి మోసపోవద్దు, ఆ వాసన ఆకుపచ్చని కాడది గాని పండుది కాదు. బరువు చూడు, తొడిమ చుట్టూ రంగు తిరిగిందా చూడు, బొటనవేలితో మెల్లగా నొక్కితే కాస్త లొంగుతుందా చూడు. రెండు రకాలు కలిపి నలుగురైదుగురికి 800 గ్రాములు సరిపోతాయి.

ఇంటికి తెచ్చాక వాటిని ఫ్రిజ్‌లో పెట్టవద్దు. ఈ ఒక్క మాట నువ్వు తప్పకుండా పాటించాలని నా కోరిక. టమాటా రుచిలో పులుపు, తీపి ఒక భాగమైతే, సువాసన ఇంకొక భాగం. చలికి చక్కెర, పులుపు పెద్దగా మారవు గాని ఆ సువాసన పదార్థాలు తయారుకావడం తగ్గిపోతుంది. వారం రోజులు 5 డిగ్రీల చలిలో ఉంచిన పండ్లను బయట పెట్టినా పోయిన పరిమళం పూర్తిగా తిరిగి రాలేదని 2016లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన తేల్చింది. కాబట్టి పళ్ళెంలో ఒకదాని మీద ఒకటి పడకుండా, తొడిమ వైపు కిందికి ఉండేలా, ఎండ తగలని చోట పెట్టు. కాస్త గట్టిగా ఉన్నవి ఆదివారానికి మెత్తబడతాయి.

ఇక వినెగ్రెట్. ఒక ఎషలోత్ తీసుకో. అది మన సాంబారు ఉల్లిపాయ వంటిదే. దాన్ని వీలైనంత సన్నగా తరిగి, పెద్ద చెంచాడు ఎర్ర వైన్ వెనిగర్‌లో వేసి, పావు టీ చెంచా ఉప్పు కలిపి పది నిమిషాలు వదిలెయ్యి. ఉల్లి ఘాటు తగ్గుతుంది, ఉప్పు కరుగుతుంది. ఉప్పు నూనెలో కరగదు కాబట్టి అది ఎప్పుడూ వెనిగర్‌లోనే ముందు పడాలి. ఈ వరస తప్పితే తినేటప్పుడు ఒక ముక్క చప్పగా, ఒక ముక్క ఉప్పగా తగులుతుంది. ఆ తరువాత అర టీ చెంచా దిజోన్ ఆవముద్ద కలుపు. దానికి వాడే గోధుమరంగు ఆవాలు మన పోపుల డబ్బాలో ఉండే ఆవాల జాతివే. చాలా భాగం కెనడా నుంచి వస్తాయి, అక్కడి కరువు వల్ల 2022లో ఇక్కడి దుకాణాల్లో ఆ సీసాలే కరువయ్యాయి. టమాటాకు ఆవముద్ద పనికిరాదనే ఇళ్ళూ ఉన్నాయి, కాని నూనెనూ వెనిగర్‌నూ విడిపోకుండా పట్టి ఉంచేది అదే కాబట్టి కొద్దిగా వేయడమే నాకు మంచిదనిపిస్తుంది. చివరగా నూనెను సన్నని ధారగా పోస్తూ ఫోర్కుతో గిలకొట్టు. పలచని గంజిలా చిక్కబడితే సరిగా కుదిరినట్టు. మామూలు ఆకుకూరల సలాడ్‌కు వెనిగర్ ఒక వంతు, నూనె మూడు వంతులు అంటారు. టమాటాలో దాని పులుపు దానికి ఉంది, పైగా ఇక్కడి వైన్ వెనిగర్‌లో ఆమ్లం కనీసం 6 శాతం ఉంటుంది కాబట్టి నూనె నాలుగు వంతులు పోయడం మేలు. ఆలివ్ నూనె ఒక్కటే వాడినా సరే, అది చేదుగా తోస్తే సగం పొద్దుతిరుగుడు నూనె కలుపు. నువ్వుల నూనె మాత్రం వద్దు, దాని వాసన తక్కినవాటిని మింగేస్తుంది.

టమాటాలను సరిగ్గా వడ్డించబోయే ముందు మాత్రమే కొయ్యి. రంపపు పళ్ళున్న కత్తి అయితే తోలు నలగకుండా తెగుతుంది. తొడిమ దగ్గరి గట్టి భాగాన్ని కోన్ ఆకారంలో చెక్కి తీసి, పండును అడ్డంగా అర సెంటీమీటరు మందాన చక్రాలుగా కోసి, వెడల్పాటి పళ్ళెంలో ఒకదాని అంచు మీద ఇంకొకటి ఆనేలా పేర్చు. లోతైన గిన్నెలో వేసి కలిపితే గింజలు జారిపోయి ముక్కలు చితికిపోతాయి. పేర్చిన చక్రాల మీద చిటికెడు ఉప్పు చల్లి పది నిమిషాలు ఆగు. ఒక్కొక్క చక్రం మీద చిన్న చిన్న నీటి బొట్లు తేలి, పళ్ళెం అంచుకు పలచని ఎర్రటి రసం చేరుతుంది. దాన్ని పారబోయవద్దు, సలాడ్‌లోని రుచి సగం అందులోనే ఉంటుంది. పళ్ళెం కొంచెం వంచి ఆ రసాన్ని వినెగ్రెట్ గిన్నెలోకి వంపి, మళ్ళీ ఒకసారి గిలకొట్టి అంతటా పొయ్యి. ఉప్పు చల్లి అరగంట దాటనిస్తే చక్రాలు వాడిపోతాయి కాబట్టి, అతిథులు వచ్చి కూర్చున్నాకే ఈ పని మొదలుపెట్టు.

పైన అప్పటికప్పుడు విసిరిన మిరియాలు, సన్నగా తరిగిన పెర్సిల్ (పార్స్లీ) ఆకు చాలు. లేదా చేత్తో తుంచిన నాలుగు బాజిలిక్ (మన తులసికి దగ్గరి బేసిల్) ఆకులు వెయ్యి, కాని రెండూ కలిపి వద్దు. గెరాండ్ ఉప్పు మడుల నుంచి వచ్చే ఫ్లర్ ద సెల్ అనే పలుకుల ఉప్పు ఇంట్లో ఉంటే ఆఖరున నాలుగు పలుకులు చల్లు. పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం, కీరా ముక్కలు వేయాలని నీకు చెయ్యి లాగుతుందని నాకు తెలుసు. అవి వేస్తే మన కచుంబర్ అవుతుంది. అదీ మంచిదే, దాన్ని నీ పులావు పక్కన వేరే గిన్నెలో పెట్టు. ఈ పళ్ళెంలో టమాటా రుచిని దేనితోనూ పోటీకి దింపవద్దు.

దీన్ని అన్నంతో కలిపి కాక, ముందుగా విడిగా వడ్డించు. పక్కన ఆ రోజు ఉదయం కొన్న బాగెట్ అనే పొడవాటి రొట్టె ఉండాలి, ఎందుకంటే పళ్ళెంలో మిగిలిన రసాన్ని రొట్టె ముక్కతో అద్దుకుని తినడం ఇక్కడి ఇళ్ళలో అందరికీ ఇష్టమైన పని. నువ్వు ముందు అద్దుకుంటే వాళ్ళు మొహమాటపడకుండా అద్దుకుంటారు. మిగిలిపోయిన సలాడ్‌ను మరునాటికి దాచవద్దు. రాత్రికి రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి మగ్గబెట్టుకుంటే అన్నంలోకి బాగుంటుంది.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ అత్త