హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్‌కి చుట్టాలు ఫోన్ చెయ్యకూడదు

మీ ప్రశ్న ఇది: వైఫై మాత్రమే ఉన్న టాబ్ కొన్నారు, బయటికి వెళ్లినప్పుడు ఫోన్ నుంచి నెట్ ఇచ్చుకుంటే (హాట్‌స్పాట్ అంటే అదే) చాలా, లేక సిమ్ పెట్టుకునే మోడల్ కొనాల్సిందా?

చాలు. కొన్నది మార్చకండి. సిమ్ ఉన్న టాబ్‌కి ముందు కొన్ని వేలు ఎక్కువ పొయ్యాలి, తరవాత దానికీ ఒక రీఛార్జి. నెల అంటే ఇరవై ఎనిమిది రోజులే అని లెక్కపెట్టే రీఛార్జీలు కదా, ఏడాదికి పన్నెండు నెలలున్నా మనం పదమూడుసార్లు కడతాం. ముప్పాతిక రోజులు ఇంట్లో వైఫై మీదే నడిచే వస్తువుకి ఇదంతా ఎందుకు? ఒక్క మినహాయింపు. మీది ఐప్యాడ్ అయ్యి, కారులో దారి చూసుకోవడానికి కొని ఉంటే మాత్రం కొంచెం నష్టపోయారు. వైఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు. మిగతా ఏ పనికైనా ఫోన్ హాట్‌స్పాట్ సరిపోతుంది.

ఎలా ఆన్ చెయ్యాలో నేను చెప్పను. మీ వీధిలో ఏడో తరగతి పిల్లాణ్ణి ఎవర్ని అడిగినా చూపిస్తాడు. వాడు చెప్పని సంగతి ఒకటుంది, అది చెప్పాలనే ఇంత రాస్తున్నాను. హాట్‌స్పాట్‌కి అసలు శత్రువు టవరూ కాదు, కంపెనీ కాదు. మన చుట్టాలు.

రెండేళ్ల కిందట జులైలో మా పాప ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టాల్సిన వారంలోనే మా మావయ్యగారు బాత్రూంలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. (ఎంసెట్‌కి పేరు మార్చారని తెలుసు. ఆ కొత్త పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు.) వాళ్లది అంబాజీపేట దగ్గర ఊరు. కబురు తెలియగానే కూకట్‌పల్లి నుంచి రాత్రికి రాత్రి బయల్దేరాం. వెళ్లేసరికి అమలాపురంలో కట్టు వేయించి ఇంటికి తెచ్చేశారు. ఆ హడావిడిలో ఆప్షన్ల సంగతి రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూ ఆఖరి రోజుకి తెచ్చుకున్నాం.

ఆ ఆప్షన్లు పెట్టినవాళ్లకి తెలుస్తుంది, అది ఫోన్‌లో అయ్యే పని కాదు. ఒక్కో కాలేజీ, అందులో ఒక్కో బ్రాంచి, ఒక్కోదానికి ఒక వరస నంబరు. ఒక అంకె అటూ ఇటూ అయితే నాలుగేళ్లు వేరే ఊళ్లో చదవాలి. మా పాప నోటుబుక్కులో నూట పద్దెనిమిది ఆప్షన్లు వరసగా రాసి పెట్టుకుంది. చేతిలో ఉన్నది మీలాంటి వైఫై టాబ్.

ఇల్లు పాత మండువా లోగిలి. గోడలు మూరెడు మందం, చుట్టూ కొబ్బరితోట. ఇంట్లో సిగ్నల్ ఒక గీత వచ్చి పోతూ ఉంటుంది. పక్కన తరవాత కట్టిన గది ఒకటుంది, దాని డాబా ఎక్కితే మూడు గీతలు. పాపని తీసుకెళ్లి ఆ డాబా మీద చాప వేసి కూర్చోబెట్టాను. పది నిమిషాల్లో ఎండకి టాబ్ తెరే కనబడలేదు. అప్పుడు మా బావమరిది కొడుకు, తొమ్మిదో తరగతి, జామకాయ కొరుకుతూ వచ్చి అన్నాడు: "మావయ్యా, సిగ్నల్ కావాల్సింది ఫోన్‌కి కదా, టాబ్‌కెందుకు? ఫోన్ పైన పెట్టేసి మీరు కింద కూర్చోండి."

ఇరవై ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్న నాకు ఆ ముక్క తట్టలేదు. ఫోన్‌ని డాబా పిట్టగోడ మీద, నీడ ఉన్న మూల పెట్టి, కింద గదిలో కూర్చున్నాం. చక్కగా అందింది. కాకపోతే హాట్‌స్పాట్ సెట్టింగుల్లో 5 గిగాహెర్ట్జ్ అని ఉంటే 2.4కి మార్చుకోవాలి. 5 వేగంగా పోతుంది గానీ గోడలు దాటడానికి బద్ధకిస్తుంది. 2.4 నెమ్మదైనా గోడలూ మెట్లూ దాటి వస్తుంది. ఐఫోన్‌లో దీన్ని తిన్నగా చెప్పకుండా 'మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ' అని పెట్టారు, అది ఆన్ చేస్తే అదే 2.4. మామూలు మాటలో రాస్తే వాళ్ల సొమ్మేం పోయిందో.

ఇరవై ఆప్షన్లు పెట్టాం. సేవ్ కొట్టాం. ఇరవై ఒకటోది పెడుతుంటే నెట్ ఆగింది. నేను మెట్లెక్కి చూస్తే ఫోన్ బాగానే ఉంది, మూడు గీతలూ ఉన్నాయి, వైజాగ్ అక్క మిస్డ్ కాల్ ఉంది. కిందకి దిగేసరికి నెట్ వచ్చింది. ఇంకో నాలుగు పెట్టగానే మళ్లీ ఆగింది. మళ్లీ ఎక్కాను. ఈసారి బెంగళూరు నుంచి మా మరదలి మిస్డ్ కాల్. ఇలా మూడుసార్లయ్యాక, నాలుగోసారి ఫోన్ నా చేతిలో ఉండగానే పెద్దొదిన ఫోన్ చేసింది. రింగ్ మొదలవడం, పైన '4జీ' అన్న అక్షరాలు మాయమవడం, రెండూ ఒకేసారి కళ్లారా చూశాను.

నా ఫోన్‌లో రెండు సిమ్‌లు. నెట్ మొదటి సిమ్‌ది. రెండోది ఇరవై ఏళ్ల నాటి నంబరు, చుట్టాలందరి దగ్గరా ఉన్నది అదే. చాలా ఫోన్లలో సిమ్‌లు రెండున్నా రెండూ ఒకేసారి పనిచెయ్యవు. ఒకదాని మీద మాట నడుస్తుంటే రెండోదాని నెట్ ఆగిపోతుంది. మనం ఫోన్‌లో మాట్లాడుతూ నెట్ చూడం కాబట్టి ఏళ్ల తరబడి ఈ సంగతి గమనించం. హాట్‌స్పాట్ పెట్టిన రోజున బయటపడుతుంది.

ఇక ఆ ఫోన్లు ఎందుకంటారా? ప్రతివాళ్లూ రెండే ప్రశ్నలు. "మావయ్యగారికి ఎలా ఉంది? పాప ఆప్షన్లు పెట్టేసిందా?" పెట్టనిస్తే కదా! పెద్దొదినతో ఆ మాటే కాస్త గట్టిగా అనేశాను. ఆవిడ మళ్లీ సంక్రాంతికి గానీ నాతో మాట్లాడలేదు.

మధ్యాహ్నం మూడింటికి తుంపర మొదలైంది. నెట్ పూర్తిగా పోయింది. ఈసారి ఎవరు చేశారురా అని తిట్టుకుంటూ ఎక్కాను. పిట్టగోడ మీద ఫోన్ లేదు. ఉన్నచోట ఒక పెద్ద స్టీలు గిన్నె బోర్లించి ఉంది. ఎత్తి చూస్తే కింద ఫోన్. డాబా మీద వడియాలు తియ్యడానికి వచ్చిన మా అత్తయ్య చేసిన ఉపకారం అది. "తడిసిపోతోందని మూత వేశాను బాబూ" అన్నారు. ఆవిడ్ని ఏమంటాం? స్టీలు గిన్నె కింద పెట్టిన ఫోన్‌కి టవరు ఎక్కడ అందుతుంది, అది మనకి వైఫై ఎలా ఇస్తుంది? గిన్నె తీసి, బాత్రూంలోంచి ప్లాస్టిక్ మగ్గు తెచ్చి బోర్లించాను. నెట్ వచ్చేసింది. ప్లాస్టిక్ అడ్డం కాదు. ఫోన్‌ని ఇనప బీరువా మీద పెట్టి "మా ఇంట్లో హాట్‌స్పాట్ అందదండీ" అనేవాళ్లు ఈ గిన్నె సంగతి ఒకసారి ఆలోచించాలి.

అప్పటికి నలభై దాకా అయ్యాయి. చివరికి ఆ జామకాయ కుర్రాడే నా ఫోన్ తీసుకుని, సెట్టింగుల్లో రెండో సిమ్ ఆఫ్ చేసిపడేశాడు. సిమ్ బయటికి తియ్యక్కర్లేదు, అక్కడే ఒక బొత్తాం ఉంటుంది. అంతే, ఇక ఒక్కసారి కూడా ఆగలేదు. ఏడున్నరకల్లా నూట పద్దెనిమిదీ పెట్టి, సేవ్ చేసి, రెండుసార్లు సరిచూసి లేచాం.

రెండో సిమ్ మళ్లీ ఆన్ చెయ్యడం అందరం మర్చిపోయాం.

రాత్రి పదకొండింటికి వాకిట్లో కారు ఆగింది. రాజమండ్రి నుంచి మా అన్నయ్య, వదిన, వాళ్లతో ఇంకో ఇద్దరు. ముఖాలు పాలిపోయి ఉన్నాయి. పొద్దున్నంతా పలికిన ఫోన్ సాయంత్రం నుంచి స్విచ్ఛాఫ్ అంటుంటే, మంచం మీదున్న పెద్దాయనకి ఏదో అయిపోయిందని వాళ్లే తీర్మానించుకుని వచ్చేశారు. మా మావయ్యగారు మంచం మీద కూర్చుని ఉప్మా తింటున్నారు. "ఏంటి ఇంత రాత్రప్పుడు వచ్చారు?" అని ఆయనే వాళ్లని పరామర్శించారు.

పాపకి సీటు వచ్చింది లెండి, పదకొండో ఆప్షన్‌లో. అంటే మొదటి ఫోన్ రాకముందు పెట్టిన ఇరవైలోదే. మిగతా నూట ఏడూ లెక్కలోకే రాలేదు. ఆ మెట్లన్నీ ఎందుకెక్కానో దేవుడికెరుక.

ఇప్పుడు మీ సంగతి. సిమ్ ఉన్న టాబ్ కొనే డబ్బులో నాలుగోవంతు పెట్టినా పాత 4జీ ఫోన్ ఒకటి వస్తుంది. అసలు కొననే అక్కర్లేదు, ప్రతి ఇంట్లోనూ బీరువాలో ఒకటి పడి ఉంటుంది. తెర పగిలినా పరవాలేదు. దాంట్లో ఒక సిమ్ వేసి హాట్‌స్పాట్‌కి మాత్రమే వాడండి. నేనిప్పుడు అదే చేస్తున్నాను. ఇదొక్కటే సరైన పద్ధతి అని నా నమ్మకం, ఎవరేం వాదించినా వినను. "మళ్లీ సిమ్ అంటే మళ్లీ రీఛార్జి కదా, ఇందాకేగా తిట్టారు" అంటారేమో. నిజమే. కానీ ఈ సిమ్ టాబ్‌కీ పనికొస్తుంది, లాప్‌టాప్‌కీ పనికొస్తుంది, ప్రయాణంలో ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. టాబ్‌లో దూర్చిన సిమ్ నుంచి అందరికీ నెట్ ఇవ్వాలంటే టాబ్‌నే పిట్టగోడ ఎక్కించాలి.

పాత ఫోన్ పెట్టలేనివాళ్లు కనీసం నెట్ సిమ్‌నే చుట్టాల నంబరుగా ఉంచుకోండి. 4జీ మీదే మాట నడిచే ఫోన్ అయితే అదే సిమ్‌కి కాల్ వచ్చినా నెట్ ఆగదు. కాల్ సమయంలో రెండో సిమ్ డేటా వాడుకునే సెట్టింగు కూడా చాలా ఫోన్లలో ఉంది, కాకపోతే ఆ రెండో సిమ్‌లో డేటా ప్యాక్ ఉండాలి.

ఇంకొక్క బాధ చెప్పి ఆపేస్తాను. హాట్‌స్పాట్ అయినా సరే, టాబ్ కళ్లకి అది వైఫైయే. వైఫై అంటే తేరగా వచ్చిందని దాని లెక్క. ఆగి ఉన్న అప్‌డేట్లన్నీ అప్పుడే దించుకుంటుంది, ఫోటోలన్నీ అప్పుడే పైకి పంపుతుంది, వీడియో మంచి క్వాలిటీలో మొదలెడుతుంది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ పొద్దున తొమ్మిదికల్లా హరీ. ఆ తరవాత వచ్చే 64 కేబీపీఎస్ వేగంలో పేజీ తెరుచుకునేలోపు కాఫీ కాచుకుని తాగెయ్యొచ్చు. అందుకని ఆండ్రాయిడ్ టాబ్‌లో ఆ వైఫై పేరు నొక్కి 'మీటర్డ్' అని పెట్టండి. ఐప్యాడ్‌లో అయితే 'లో డేటా మోడ్'. అర నిమిషం పని. 2010లో ఆండ్రాయిడ్‌కి, 2011లో ఐఫోన్‌కి వచ్చిన హాట్‌స్పాట్ ఇది. ఇన్నేళ్లయినా ఎదుటివాడి జేబులోంచి వస్తున్న నెట్‌కీ, ఇంటి నెట్‌కీ తేడా మనమే పనిగట్టుకుని చెప్పాలంటే ఎట్లా? 2016 సెప్టెంబర్లో జియో రాకముందు నెలకి ఒక్క జీబీకి రెండొందల యాభై దాకా కట్టేవాళ్లం. ఆ రోజుల్లో ఎవరైనా పాస్‌వర్డ్ అడిగితే సగం ఆస్తి అడిగినట్టుండేది. ఇప్పుడు పెళ్లిలో పక్క కుర్చీలో పిల్లలు పేరైనా అడక్కుండా "అంకుల్, హాట్‌స్పాట్" అంటున్నారు.

ఇక నా పాత ఫోన్. వాడేది ఎవరూ లేకపోతే కాసేపటికి హాట్‌స్పాట్ దానంతటదే ఆరిపోయే సెట్టింగు తీసేశాను. ఎండాకాలం వేడెక్కకుండా వెనక కవర్ కూడా తీసేశాను. నంబరు ఎవరికీ తెలియదు. నాకే గుర్తుండదు, రీఛార్జి చేసేటప్పుడు వెనక అంటించిన కాగితం చూస్తాను. మొన్న దసరాకి వెళ్లినప్పుడు పిట్టగోడ మీద దాన్ని మగ్గు కింద పెడుతుంటే మా అత్తయ్య కలం, కాగితం పట్టుకుని వచ్చారు. "దాని నంబరు కూడా ఓసారి చెప్పండి బాబూ. మీది కలవనప్పుడు దీనికి చేస్తాం" అన్నారు.

గుర్తులేదన్నాను.