పోస్ట్‌లో వచ్చిన చలాన్: కట్టే ముందు ఆ ఫోటో తెరిచి చూడండి

మీరు రాసింది ఇది: ఉండేది నర్సంపేటలో, బండి మీ నాన్నగారి పేరున ఉంది, హెల్మెట్ లేదని హైదరాబాద్ నుంచి పోస్ట్‌లో కెమెరా చలాన్ వచ్చింది, ఆ రోజు బండి ఇల్లు కదలలేదు. బాబాయి డిస్కౌంట్ ఇచ్చేదాకా ఆగమంటున్నారు, అమ్మగారు కట్టేసి వదిలించుకోమంటున్నారు. ఈ రెండూ ఇప్పుడే చేయకండి. ఇలాంటిదే మా ఇంట్లో జరిగింది, అందుకే వివరంగా చెప్తున్నాను.

మాది పరకాల దగ్గర ఊరు. బాపు (మా నాన్న) బండి పాత ఏపీ 36 నంబరు స్ప్లెండర్. ఆర్సీ మీద మాత్రం మేము ఒకప్పుడు నయీంనగర్‌లో అద్దెకున్న ఇంటి అడ్రస్ ఉంది. చలాన్ అక్కడికి వెళ్తే ఆ ఇంటి ఓనరు ఆంటీ ఫోన్ చేసి చెప్పింది. ఆమె చెప్పకపోతే మాకు తెలిసేది కాదు. అప్పట్లో హెల్మెట్ లేనందుకు 100, యూజర్ ఛార్జీ 35, మొత్తం 135 రూపాయలు. బాపు వెంటనే, "నూటముప్పై అయిదు రూపాల కోసం ఠాణా చుట్టూ తిరుగుతవారా, కట్టేసెయ్" అన్నాడు. నేనూ కట్టేసేవాణ్నే. కానీ చలాన్ మీద తారీఖు చూశాక ఆగిపోయాను. ఆ రోజు బాపు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్ముతున్నాడు. తక్‌పట్టీ (పత్తి అమ్మినప్పుడు మార్కెట్‌లో ఇచ్చే చీటీ) కూడా ఇంట్లోనే ఉంది.

తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరుతో పాటు ఇంజిన్ నంబరు గానీ ఛాసిస్ నంబరు గానీ చివరి అంకెలు కొడితే పెండింగ్ చలాన్లన్నీ కనిపిస్తాయి. ఏ యూనిట్ వేసింది, ఏ పోలీస్ స్టేషన్ పరిధి, ఏ పాయింట్, ఏ టైమ్, అన్నీ ఉంటాయి. పక్కనే ఫోటో ఉంటుంది. కాగితం మీద అచ్చేసిన ఫోటోలో ఏమీ తెలియదు, సైట్‌లోది తెరిచి పెద్దది చేసి చూడాలి. నేను కంప్యూటర్ మీద చూశాను. నంబరు ప్లేటు మీద నంబరు అచ్చంగా మాదే. బండి కూడా నల్లదే. కానీ దానికి అల్లాయ్ వీల్స్ ఉన్నాయి, మా బండివి పుల్లల చక్రాలు. మా బండికి వెనక ఎడమ పక్కన సారీ గార్డు (చీర చక్రంలో పడకుండా ఉండే కడ్డీ) ఉంటుంది, పాల క్యాన్ తగిలించుకునే కొక్కెం ఉంటుంది. ఫోటోలో ఆ రెండూ లేవు. అంటే మా నంబరు పెట్టుకుని ఎవరో వేరే బండి నడుపుతున్నారు.

ఇది తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. ఈ రోజు హెల్మెట్, సరే. రేపు ఆ బండి ఎవరినైనా గుద్ది పోతే? గొలుసు దొంగతనంలో ఆ నంబరు కెమెరాకు చిక్కితే? పోలీసులు వచ్చేది డెబ్బై ఏళ్ల మా బాపు దగ్గరికే. 135 కట్టామంటే తప్పు ఒప్పుకుని రాజీ పడినట్టు. ఆ తర్వాత "అది మా బండి కాదు" అంటే మన మాటకు బలం ఉండదు.

ముందు దగ్గర్లోని ఒక స్టేషన్‌కు వెళ్లాను. ఇది ఇక్కడ వేసిన చలాన్ కాదు, వేసిన చోటికే పొమ్మన్నారు. ఫోన్‌లో ప్రయత్నిస్తే ఎవరూ ఎత్తలేదు. చివరికి కాజీపేటలో పొద్దున రైలెక్కి చలాన్ వేసిన స్టేషన్‌కే వెళ్లాను. ఒక రోజు కూలి, రానుపోను ఛార్జీ, చలాన్ కంటే ఎన్నో రెట్లు ఖర్చయింది. అయినా వెళ్లడమే మంచిదైందని ఇప్పటికీ అనుకుంటాను.

అక్కడ నేర్చుకున్నది ఒకటి మీకు బాగా పనికొస్తుంది. నేను తక్‌పట్టీ బయటకు తీసి, మా బాపు ఆ రోజు మార్కెట్‌లో ఉన్నాడని చెప్పబోయాను. ఎస్సై మర్యాదగానే, "మనిషి ఎక్కడున్నాడో నాకెందుకు, బండి వేరే వాళ్లు కూడా నడపొచ్చు కదా. బండి వేరని చూపించు" అన్నాడు. మాట న్యాయమే. కాబట్టి బండి ఇల్లు కదలలేదన్న మీ వాదన ఒక్కటే నిలవదు, బండికీ బండికీ తేడా చూపించాలి. అదృష్టం కొద్దీ నేను ఆ పని కూడా చేసుకుని వెళ్లాను: చలాన్ ఫోటో ఏ కోణంలో ఉందో అదే కోణంలో మా బండిని నిలబెట్టి తీసిన ఫోటోలు, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు కనిపించేలా ఇంకో రెండు, ఆర్సీ, ఇన్సూరెన్స్, చలాన్ జిరాక్స్, బాపు సంతకంతో ఒక దరఖాస్తు. రెండు సెట్లు. ఒకటి వాళ్లకిచ్చి, రెండో దాని మీద అందినట్టు స్టాంపు, తారీఖు వేయించుకున్నాను. డూప్లికేట్ నంబరు గురించి మా ఊరి స్టేషన్‌లో విడిగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకున్నాను.

పన్నెండు రోజులకు ఆ డూప్లికేట్ బండి వల్లే మా నంబరు మీద రెండో చలాన్ పడింది, ఈసారి సిగ్నల్ దాటినందుకు. స్టాంపు పడిన కాగితం ఉంది కాబట్టి ఈసారి టెన్షన్ పడలేదు. దాని ఫోటో పంపితే దాన్నీ పాత దరఖాస్తుకే కలిపారు. ఇంకో మూడు వారాలకు రెండు చలాన్లూ సైట్‌లోంచి పోయాయి.

ఫోటోలో ఉన్నది మీ బండే అయితే ఇదంతా అక్కర్లేదు. తమ్ముడో స్నేహితుడో తీసుకెళ్లినా చలాన్ ఓనరు పేరునే వస్తుంది, కట్టేయండి, మీసేవలో కూడా కట్టొచ్చు. బండి అమ్మేసి ఆర్సీ మార్చకపోతే మాత్రం చలాన్లు మీకు వస్తూనే ఉంటాయి. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లోపు ఆర్టీఏకు (రవాణా ఆఫీసుకు) తెలపాలని చట్టంలో ఉంది.

బాబాయి చెప్పిన డిస్కౌంట్ గతంలో ఇచ్చిన మాట నిజమే. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబర్ 26 నుంచి 80 శాతం తగ్గించారు. కానీ బండి మీది కానప్పుడు 80 శాతం తగ్గించినా అది మీరు కట్టాల్సింది కాదు.

ఇంకో సంగతి కూడా చూసుకోండి. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వచ్చిన 167ఎ ప్రకారం కెమెరా చలాన్ నోటీసు ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోపు పంపాలి, ఆ రికార్డును చలాన్ తేలేదాకా భద్రపరచాలి. మీ కవరు మీద పోస్టాఫీసు ముద్ర తారీఖు ఆ 15 రోజుల్లోపుదేనా చూసి, కవరు పారేయకుండా దాచండి. సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి తెరవండి. చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే అసలు నొక్కొద్దు, పొరపాటున నొక్కి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఈ సాయంత్రం ఫోటో తెరిచి చక్రాలు, సైలెన్సర్, సీటు కవర్, మడ్‌గార్డ్ మీ బండితో పోల్చి చూడండి. తేడా కనిపిస్తే ఇక్కడే రాయండి, మా బాపు సంతకం పెట్టిన దరఖాస్తు నకలు నా దగ్గర ఉంది, అందులోని మాటలు మీకు టైప్ చేసి పెడతాను.