నీతో చెప్పుకున్న మాట నీ దగ్గరే ఉండనీ

ప్రియమైన అమ్మాయికి,

యేసుక్రీస్తు నామంలో పెద్దమ్మ దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. నీకు టీమ్ లీడ్‌గా ప్రమోషన్ వచ్చిందని, ఉద్యోగం మానేసి పూర్తికాల పరిచర్యకు వెళ్ళాలన్న ఆలోచన పక్కన పెట్టావని, "ఇకమీదట నా ఆఫీసే నా పరిచర్య" అన్నావని చెప్పింది. ఆ మాట వినగానే నా కళ్ళు చెమర్చాయి. సండే స్కూల్లో కంఠత వాక్యం చెప్పమంటే నా వెనక దాక్కునేదానివి. ఇప్పుడు నీతో పనిచేసేవాళ్ళకి నీ ద్వారా ప్రభువు ప్రేమ తెలియాలని కోరుకుంటున్నావు. గర్వంగా ఉంది తల్లీ. అంత టెన్షన్‌గానూ ఉంది. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని దాటేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. టైముకి వెళ్ళు. చేస్తానన్న పని అన్న రోజుకి చెయ్యి. ఇంకొకరి కష్టాన్ని నీ ఖాతాలో వేసుకోకు. ఎదురుగా లేనివాళ్ళ గురించి నలుగురూ మాట్లాడుకుంటుంటే నువ్వు నోరు కలపకు. పొద్దున వాక్యం, ప్రార్థన మానకు. ఇవన్నీ మీ అమ్మ పెంపకంలోనే నీకు వచ్చాయి, వీటి మీద నేను ప్రసంగం చెయ్యక్కర్లేదు.

ఉద్యోగంలోనే ఉండిపోవడం భక్తిలో ఒక మెట్టు తక్కువ అని సంఘంలో ఎవరైనా అంటే మనసు కష్టపెట్టుకోకు. 1785లో లండన్‌లో విల్బర్‌ఫోర్స్ అనే యువకుడికి, అప్పటికే పార్లమెంటు సభ్యుడు, సరిగ్గా నీ సందేహమే వచ్చింది. ప్రభువుని నిజంగా నమ్ముకున్నాక ఇంకా రాజకీయాల్లో ఉండొచ్చా, అన్నీ వదిలేసుకోవాలా అని. జాన్ న్యూటన్ అనే పెద్దవయసు పాస్టరుగారిని అడుగుదామనుకున్నాడు. ఆ న్యూటన్ ఒకప్పుడు బానిసల్ని తరలించే ఓడకి కెప్టెన్‌గా చేసినవాడు. విల్బర్‌ఫోర్స్ ఆయనకి ఉత్తరం రాస్తూ, తాను వస్తున్న సంగతి, తానే చెప్పవచ్చని అనేదాకా ఎవ్వరికీ తెలియనివ్వొద్దని బతిమాలాడు. తీరా వెళ్ళాక కూడా తలుపు తట్టే ధైర్యం చాలక ఆ చుట్టుపక్కలే తిరిగి, ఎట్టకేలకు లోపలికి వెళ్ళాడు. న్యూటన్ ఆయన్ని పార్లమెంటు వదలొద్దన్నాడు. ఆయన అక్కడే ఉండి బానిసల వ్యాపారం మీద ఏళ్ళ తరబడి పోరాడాడు. బానిసల వ్యాపారాన్ని నిషేధించే చట్టం 1807లో వచ్చింది, బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్నే రద్దు చేసే చట్టం 1833లో వచ్చింది.

అందరూ ఆ చట్టాల గురించే చెబుతారు. నా మనసు మాత్రం ఆ మూసిన తలుపు దగ్గరే ఆగిపోతుంది. అంత పేరున్న మనిషి తన గుండెలో మాట తెచ్చి చేతిలో పెడితే, న్యూటన్ దాన్ని వచ్చే ఆదివారం ప్రసంగానికి వాడుకోలేదు. "ఫలానా పెద్దమనిషి నా దగ్గరికి వచ్చాడు, దేవునికి స్తోత్రం" అని సాక్ష్యం చెప్పుకోలేదు. నమ్మి వచ్చినవాడి మాట తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఇప్పుడు నిన్ను కోప్పడాలి.

నీ టీమ్‌లో ఒక అమ్మాయి ఏదో కష్టంలో ఉండి నీ దగ్గర ఏడ్చిందట. ఆమె సంసారంలో ఏం జరిగిందో, ఎవరు ఏమన్నారో, ఆమె పేరేమిటో నాకిప్పుడు తెలుసు. నువ్వు మీ అమ్మకి చెప్పావు, మీ అమ్మ నాకు చెప్పింది. ఇద్దరూ చివర్లో ఒకే మాట అన్నారు: "ప్రార్థన చేయమని చెబుతున్నా." ఆ అమ్మాయిని నేనెన్నడూ చూడలేదు. ఆమె నీకు చెప్పుకుంది, నాకు కాదు. ఆ సంగతి ఈ ఉత్తరంలో మళ్ళీ రాయను.

ఇంత చిన్న విషయానికి పెద్దమ్మ ఎందుకింత బాధపడుతోందని అనుకుంటావేమో. నేను కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా వార్డుకి ఒక హెడ్ సిస్టర్ ఉండేవారు. అంత భక్తిపరురాలిని నేను మళ్ళీ చూడలేదు. డ్యూటీ అయిపోయాక కూడా ఇంటికి వెళ్ళకుండా రోగుల పక్కన కూర్చునేవారు. ఆవిడ గొంతు వింటేనే నొప్పి తగ్గినట్టుంటుందని రోగులు అనేవారు. మేమందరం ఆవిడలా అవ్వాలనుకునేవాళ్ళం.

ఒకసారి ఒకావిడ ఆపరేషన్‌కి చేరింది. ముందురోజు రాత్రి ఆవిడకి నిద్ర పట్టలేదు. హెడ్ సిస్టర్ వెళ్ళి మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు. అప్పుడు ఆవిడ ఏళ్ళ తరబడి దాచుకున్నది బయటపెట్టింది. పెళ్ళికి ముందు తనకొక బిడ్డ పుట్టిందని, ఎవరో తీసుకుపోయారని, రేపు థియేటర్లోనే ప్రాణం పోతే ఆ బిడ్డని చూడకుండానే పోతానని. హెడ్ సిస్టర్ ఆవిడతో కలిసి ఏడ్చారు, ప్రార్థన చేశారు. ఆవిడ తెల్లవార్లూ నిద్రపోయింది. నైట్ డ్యూటీ నాదే. బీపీ చూడ్డానికి వెళితే, ముడుచుకుని పడుకునే మనిషి ఆ రాత్రి కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది.

పొద్దున డ్యూటీ మారేటప్పుడు మేమంతా నిలబడి రెండు నిమిషాలు ప్రార్థన చేసుకునేవాళ్ళం. హెడ్ సిస్టర్ బెడ్ నంబరు చెప్పి, "ఈ బిడ్డ కోసం భారంగా ప్రార్థించండి" అని మొదలుపెట్టి, విన్నదంతా చెప్పారు. చెబుతూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆవిడ మనసులో కీడు రవ్వంత కూడా లేదు, ఆ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను. కానీ గది తలుపు తెరిచే ఉంది. ఉతికిన దుప్పట్లు మోసుకొచ్చిన ఆయా గుమ్మంలో నిలబడి ఉంది.

సాయంత్రం విజిటింగ్ అవర్స్‌లో ఆ పేషెంటు ఆడపడుచు వచ్చి, మంచం కాళ్ళ దగ్గర నిలబడి, భర్త ముందే అడిగింది, నిజమేనా అని. అప్పటికి ఆపరేషన్ అయి, మత్తు పూర్తిగా దిగలేదు. ఆవిడ ఏమీ అనలేదు, తల గోడవైపు తిప్పుకుంది. భర్త కాసేపు నిలబడి బయటికి వెళ్ళిపోయాడు. గాయం బాగానే మానింది. డిశ్చార్జ్ అయ్యేలోపు హెడ్ సిస్టర్ వెళ్ళి ఆ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని క్షమించమని అడిగారు. నేను అక్కడే డ్రెస్సింగ్ ట్రే పట్టుకుని ఉన్నాను. ఆవిడ అన్నది ఇదీ: "మీరు మంచివారేనమ్మా. కానీ నా గురించి ఇంకెవరికీ ఏమీ చెప్పకండి. మీ దేవుడికి కూడా చెప్పకండి."

ఆ చివరి మాట విన్నప్పుడు నా చేతిలో ట్రే వణికింది. రాత్రి ఆ మనిషిని ప్రభువు దగ్గరికి చెయ్యి పట్టి తీసుకెళ్ళినవారే పొద్దునకల్లా ఆ దారి మూసేశారు. వార్డులో మా రెండు నిమిషాల ప్రార్థన ఆ తర్వాత కూడా సాగింది, కానీ హెడ్ సిస్టర్ బెడ్ నంబరు చెప్పడం మానేశారు. "ఒకరు కష్టంలో ఉన్నారు" అనేవారు. అంతవరకే చాలదా చెప్పు? ప్రభువుకి చిరునామా మనం చెప్పాలా? తలుపు వేసుకుని రహస్యమందున్న తండ్రికి ప్రార్థన చెయ్యమన్నది ఆయనే కదా, మత్తయి 6వ అధ్యాయంలో.

ఒక్క సందర్భం వేరు. ఎవరైనా తనని కొడుతున్నారని చెబితే, చచ్చిపోవాలనుందని అంటే, అది నీ ఒక్కదాని గుండెలో పెట్టుకునే విషయం కాదు. "దీన్ని నేను దాచలేను, పద, ఇద్దరం కలిసి వెళ్దాం" అని ఆమెకే చెప్పి, డాక్టరు దగ్గరికో పోలీసుల దగ్గరికో ఆమె నమ్మే ఇంటివాళ్ళ దగ్గరికో వెంటబెట్టుకుని వెళ్ళు. ఆమె రానంటే కూడా ఊరుకోకు, సాయం చెయ్యగలవాళ్ళకి నువ్వే చెప్పు. ప్రార్థన చేశాను కదా అని ఇంటికి రాకు.

మీ అమ్మ ఇంకోటి చెప్పింది. రోజూ పని మొదలుపెట్టే ముందు టీమ్ అందరినీ కూర్చోబెట్టి ఐదు నిమిషాలు ప్రార్థన చేయిస్తావట. వద్దు తల్లీ. వాళ్ళకి సెలవు ఇచ్చేది నువ్వు, ఏడాది చివర రేటింగ్ రాసేది నువ్వు. నువ్వు నవ్వుతూ "ఇష్టముంటేనే రండి" అన్నా, రానంటే ఏమవుతుందోనని వాళ్ళు లోపల లెక్కలు వేసుకుంటారు. ఆ లెక్క వేసుకుని వచ్చి కళ్ళు మూసుకున్నవాళ్ళు నీకు నమస్కారం పెట్టినట్టే, ప్రభువుకి కాదు. మార్కు 10లో ఒక ధనవంతుడు, ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి తనని వెంబడించమన్న ప్రభువు మాట విని దుఃఖపడి వెళ్ళిపోయాడు. ప్రభువు అతన్ని ప్రేమించాడని అక్కడే రాసి ఉంది. అయినా వెనక పరిగెత్తలేదు, చెయ్యి పట్టి లాగలేదు, షరతు తగ్గించలేదు. కాదనే స్వేచ్ఛ అతనికి వదిలేశాడు. నీ కింద పనిచేసేవాళ్ళకి ఆ స్వేచ్ఛ నువ్వు ఇవ్వాలి. నీతో సమానంగా ఉన్న స్నేహితులు కలిసి ప్రార్థించుకుందామంటే సంతోషంగా చేసుకోండి, పని వేళలు కాకుండా.

అధికారం లేకపోతే ఎలా మార్చగలను అంటావేమో. రెండవ రాజులు 5వ అధ్యాయం మళ్ళీ చదువు. సిరియా సేనాధిపతి నయమాను ఇంట్లో ఒక చిన్నది ఉంది. యుద్ధంలో చెరపట్టి తెచ్చిన పిల్ల, పేరు కూడా బైబిల్లో లేదు. అన్నది ఒకే ఒక్క మాట, అదీ యజమానురాలితో: షోమ్రోనులోని ప్రవక్త దగ్గర మా యజమాని ఉంటే ఆయన కుష్ఠు బాగవుతుంది అని. ఆ ఒక్క మాట మీద ఆ సేనాధిపతి ప్రయాణం కట్టాడు. బానిస పిల్ల మాటని అంత పెద్దవాళ్ళు ఎందుకు నమ్మారు? నాకనిపిస్తుంది, అంతకు ముందు ఆ పిల్ల ఆ ఇంట్లో అబద్ధమాడి ఉండదు. ఇంకా నన్ను కదిలించేది, తనని ఇంటి నుంచి ఎత్తుకొచ్చినవాడు బాగుపడాలని ఆ పిల్ల కోరుకుంది. మీ ఆఫీసులో నీ ప్రమోషన్‌కి అడ్డుపడినవాళ్ళు ఉన్నారని విన్నాను. నీ పరిచర్య వాళ్ళ దగ్గర మొదలవ్వాలని నా ప్రార్థన. వాళ్ళ మంచి పనిని పదిమంది ముందు పేరు పెట్టి మెచ్చుకో.

తప్పు దిద్దాల్సి వస్తే మాత్రం పక్కకి పిలిచి చెప్పు. అపొస్తలుల కార్యములు 18లో అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తలు అపొల్లో అనే బోధకుడికి అలాగే చేశారు, సమాజమందిరంలో అందరి ముందు కాదు.

విశ్వాసం గురించి ఎవరైనా అడిగితే దాచకు. అడిగినంతే చెప్పు, మెత్తగా చెప్పు. "నాకు తెలియదు" అనాల్సి వస్తే అను.

ఇక నీ గురించి. చిన్నప్పుడు నీ స్నేహితురాలు పరీక్ష తప్పితే నువ్వు తప్పినట్టు మంచమెక్కావు, గుర్తుందా? ఆ మనసే నిన్ను ఈ పనికి పనికొచ్చేలా చేస్తుంది, ఆ మనసే నిన్ను కుంగదీస్తుందేమోనని నాకు భయం. అందరి బరువూ మోస్తూ ఇంటికొచ్చి, నీ భర్తతో మాట్లాడే ఓపిక లేక గోడకేసి చూస్తూ కూర్చుంటావేమోనని భయం. జనం గుంపులుగా వస్తుంటేనే ప్రభువు అరణ్యంలోకి వెళ్ళి ప్రార్థన చేసుకునేవాడని లూకా 5లో ఉంది. వచ్చినవాళ్ళందరూ అయిపోయాక కాదు, వస్తుండగానే వెళ్ళాడు. వారంలో ఒక పూట ఫోన్ ఆపేసి పడుకో. ఎవరూ చచ్చిపోరు.

సోమవారం ఆఫీసుకి వెళ్ళగానే ఆ అమ్మాయిని విడిగా కలువు. "నువ్వు చెప్పింది మా అమ్మకి చెప్పాను, అక్కడి నుంచి మా పెద్దమ్మకి తెలిసింది, చెప్పకుండా ఉండాల్సింది" అను. ప్రార్థన కోసమే చెప్పానని సాకు చెప్పకు. కోప్పడితే పడనీ, నీతో మాట్లాడటం మానేస్తే మానెయ్యనీ, పనిలో మాత్రం ఆమెకి నీ సాయంలో ఏ తేడా రానివ్వకు. మీ అమ్మకి నిన్న రాత్రే గట్టిగా చెప్పాను, ఆ మాట ఇంక నా దగ్గర దాటి పోదు. ఆ అమ్మాయి ఏమందో నాకు చెప్పక్కర్లేదు. నువ్వు వెళ్ళి కలిశానని ఒక్క మెసేజ్ పెట్టు, చాలు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ