నలభై ఏళ్లుగా కారుతున్న చెవికీ వైద్యం ఉంది

ప్రశ్న: మాది పాడేరు దగ్గర ఒక గిరిజన గూడెం. నాన్నకు 48 ఏళ్లు. చిన్నప్పటి నుంచి ఎడమ చెవిలో చీము కారుతోంది. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసేవాళ్లు. ఏడాదిగా కుడి చెవి కూడా కారుతోంది. పిలిస్తే పలకడం లేదు. సంతలో బేరం మాటలు వినబడక అమ్మనే పంపిస్తున్నాడు. ఈ వయసులో ఏమైనా చేయగలమా?
- ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: తప్పకుండా చేయవచ్చు. మీరు రాసినదాన్ని బట్టి ఇది వయసుతో వచ్చిన చెవుడులా లేదు. చిన్నతనంలో జలుబు చేసినప్పుడు ముక్కు వెనక నుంచి ఇన్ఫెక్షన్ మధ్య చెవిలోకి పాకి, కర్ణభేరికి చిల్లు పడి ఉంటుంది. అది పూడకపోతే నీళ్లు పోయినప్పుడల్లా, జలుబు చేసినప్పుడల్లా మళ్లీ చీము పడుతుంది.

ఏజెన్సీలో 'చెవి కారడం మామూలే' అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఆస్ట్రేలియా ఆదివాసుల్లోనూ ఈ జబ్బు అక్కడి మిగతా జనం కంటే చాలా ఎక్కువ. వాళ్ల పుట్టుకలో లోపమేమీ లేదు. ఇరుకు ఇళ్లు, పొగ, సరైన తిండి లేకపోవడం, డాక్టరు దూరంగా ఉండటం, ఇవన్నీ కలిసి తెచ్చిపెట్టిన కష్టం ఇది.

ముందు నూనె, ఆకు పసరు పోయడం ఆపేయండి. పుల్లలు, పిన్నీసులు పెట్టనివ్వకండి. శుభ్రమైన దూదిని వత్తిలా చేసి, చెవి బయటి భాగంలోని చీమును అద్ది తీయండి. వత్తి పొడిగా వచ్చేదాకా రోజుకు మూడు నాలుగు సార్లు చేయాలి. స్నానానికి ముందు వాజలిన్ రాసిన దూది చెవిలో పెట్టుకోవాలి. గెడ్డలో (వాగులో) మునగకూడదు. షాపులో అడిగి చుక్కల మందు కొనకండి. కర్ణభేరికి చిల్లు ఉన్నప్పుడు జెంటామైసిన్ లాంటి కొన్ని చుక్కలు లోపలి చెవిని దెబ్బతీయగలవు. డాక్టరు చెవి చూశాక సాధారణంగా సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు రాస్తారు.

చీము కుళ్లు వాసన వేస్తున్నా, కళ్లు తిరుగుతున్నా, మూతి ఒక పక్కకు వంకర పోయినా, చెవి వెనక వాచినా, జ్వరంతో తలనొప్పి వచ్చినా ఒక్క రోజు కూడా ఆగవద్దు. లోపలి ఎముక తినేసే జబ్బు ఉంటే అది మెదడు దాకా పోవచ్చు.

విశాఖలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో చూపించండి. వినికిడి పరీక్షలో నరం బాగుందని తేలితే, చెవి పైనున్న కండరం మీది పలుచని పొర తీసి చిల్లుకు అతికించే ఆపరేషన్ చేస్తారు. 48 ఏళ్లు దీనికి అడ్డు కాదు. నరం కూడా దెబ్బతిని ఉంటే వినికిడి యంత్రం పెట్టాలి. రెండు చెవుల్లోనూ లోపం 60 డెసిబెల్స్ లేదా అంతకు మించి ఉంటే వైకల్యాన్ని నిర్ధారించే సదరం క్యాంపులో వైకల్య సర్టిఫికెట్‌కు అడగండి.

ఇంకో మాట. ఆయనకు ఎప్పుడైనా టీబీకి ఇంజెక్షన్లు చేశారా, మలేరియాకు క్వినైన్ ఇచ్చారా అన్నది డాక్టరుకు చెప్పండి. ఆ ఇంజెక్షన్లలో కొన్నింటితో నరం శాశ్వతంగా దెబ్బతినవచ్చు. క్వినైన్‌తో వచ్చే చెవి హోరు మాత్రం మందు ఆపాక చాలావరకు తగ్గిపోతుంది.

ఆసుపత్రికి ఆయన్ని ఒంటరిగా పంపకండి. వినికిడి తగ్గినవాళ్లకు రెండో భాష మరీ కష్టం. ఇంట్లో కువి గానీ ఒడియా గానీ మాట్లాడుకుంటే, డాక్టరు తెలుగులో చెప్పేదానికి ఆయన తల ఊపేసి వచ్చేస్తారు. మీరు ఎదురుగా కూర్చుని, మీ ఇంటి భాషలో, ముఖం కనబడేలా నెమ్మదిగా చెప్పండి. చుక్కలు ఎలా వేసుకోవాలో ఆయన చేతే ఒకసారి చేయించి చూడండి.