హైబ్రిడ్‌లో పెట్రోల్ అయిపోతే బ్యాటరీ లాక్కెళ్తుందా?

ప్రశ్న: సార్, మాది స్ట్రాంగ్ హైబ్రిడ్ కారు (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, మోటార్ మీద కూడా నడిచేది), కొని ఎనిమిది నెలలైంది. పోయిన నెల హైదరాబాద్ నుంచి అత్తమ్మను, మామయ్యను తీసుకుని శ్రీశైలం వెళ్లాం. కల్వకుర్తిలో రేంజ్ 150 కిలోమీటర్లు చూపిస్తోంది, "చాలు, కొండమీద కొట్టిద్దాం" అన్నారు మా వారు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలోకి వెళ్లాక పసుపు లైటు వెలిగింది, దోమలపెంట వచ్చేసరికి అంకె పోయి అడ్డగీతలు మిగిలాయి. ఫోన్‌లో సిగ్నల్ లేదు. మామయ్యకు షుగర్, వెనక సీట్లో ఆయన మాట్లాడకుండా కూర్చుంటే నాకు చేతులు చల్లబడ్డాయి. ఎలాగో బంకు దాకా చేరాం. మా వారు మాత్రం "పెట్రోల్ అయిపోయినా బ్యాటరీ మీద పది పదిహేను కిలోమీటర్లు వెళ్తుంది" అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కాదమ్మా. మీ వారికి ఈ జవాబు తప్పకుండా చదివి వినిపించండి, ఎందుకంటే హైబ్రిడ్ కొన్న చాలామంది ఇదే నమ్మకంతో ఉన్నారు.

ఆ బ్యాటరీ ఎంత చిన్నదో ఇంటి కరెంటు లెక్కలో చెప్తాను. టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లలో కారును నడిపే బ్యాటరీ (12 వోల్టుల చిన్నదాని పక్కన ఇదే పెద్దది) సామర్థ్యం 0.76 యూనిట్. మీ బెడ్‌రూమ్‌లో టన్నున్నర ఏసీ ఓ అరగంట తిరిగితే అయిపోయే కరెంటు అది! అందులో కూడా కారు కొంత భాగమే వాడుకుంటుంది, బ్యాటరీ దెబ్బతినకుండా పైనా కిందా కొంత వదిలేస్తుంది. పెట్రోల్ లేకపోతే చదును రోడ్డు మీద, నెమ్మదిగా, మహా అయితే రెండు మూడు కిలోమీటర్లు. నలుగురు మనుషులు, సామాన్లతో ఘాట్ ఎక్కుతుంటే అది కూడా అనుమానమే.

అసలు భయపడాల్సింది దూరం గురించి కాదు. మామూలు కారులో ఇంజిన్‌ను తిప్పడానికి స్టార్టర్ మోటార్, చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటాయి. టొయోటా తరహా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఇంజిన్‌ను తిప్పేది గేర్‌బాక్స్‌లోని జనరేటర్, దానికి కరెంటు ఇచ్చేది ఆ పెద్ద బ్యాటరీ. పెట్రోల్ అయిపోయాక "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ బ్యాటరీ మీద లాక్కెళ్లి దాన్ని పూర్తిగా దింపేశారనుకోండి, ఆ తర్వాత ఎవరో పుణ్యాత్ములు పెట్రోల్ తెచ్చి పోసినా ఇంజిన్ తిరగదు. జంపర్ కేబుల్స్ (వేరే కారు బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చే తీగలు) పెట్టినా లాభం లేదు, అవి చిన్న బ్యాటరీని లేపుతాయి తప్ప పెద్దదాన్ని నింపలేవు. సర్వీస్ సెంటర్ వాళ్లే దిక్కు. నల్లమల మధ్యలో, రాత్రి తొమ్మిదికి గేట్లు వేసేసే దారిలో, పెద్దవాళ్లతో ఆ పరిస్థితి నేను ఊహించలేను.

మరి 150 చూపించిన రేంజ్ ఏమైంది? ఆ అంకె మీరు ఇంతవరకు నడిపిన తీరును బట్టి వేసిన అంచనా. హైబ్రిడ్ మైలేజీ ఊళ్లో ట్రాఫిక్‌లో బాగుంటుంది, హైవే మీద వందకు పైన పోతే తగ్గుతుంది, అంటే సిటీ అలవాటుతో లెక్కేసిన అంకె హైవేలో నిలబడదు. ఈగలపెంట నుంచి డ్యాం వైపు దిగేటప్పుడు ఇంకో తమాషా జరుగుతుంది, అది గమనించండి. దిగుడులో చక్రాలు మోటార్‌ను తిప్పి కరెంటు పుట్టిస్తాయి, బ్యాటరీ నిండుతుంది, ఇంజిన్ ఆగిపోతుంది, సగటు మైలేజీ పెరుగుతుంది, మనసు కుదుటపడుతుంది. కానీ అంత చిన్న బ్యాటరీ త్వరగానే నిండిపోతుంది, ఆ పైన దిగినదంతా బ్రేకింగ్‌లోనే పోతుంది. డ్యాం దాటి మళ్లీ ఎక్కాల్సింది మాత్రం పెట్రోల్ మీదే. పైగా ఏటవాలులో ట్యాంకులో ఉన్న కాస్త పెట్రోల్ ఒక పక్కకు జారితే పంపుకు అందకపోవచ్చు.

ఈసారి ఎప్పుడైనా ఇంజిన్ అందుకోక, వార్నింగ్ లైట్లు వెలిగి, కారు బలహీనపడితే వెంటనే ఎడమ పక్కకు ఆపేయండి. హజార్డ్ లైట్లు వేసి, గేరు పీ (పార్కింగ్)లో పెట్టి, పవర్ బటన్ నొక్కి పూర్తిగా ఆఫ్ చేయండి. ఏసీ కోసమని రెడీలో (కారు ఆన్‌లో ఉండి కదలడానికి సిద్ధంగా ఉన్న స్థితిలో) ఉంచొద్దు, ఏసీ కంప్రెసర్ నడిచేదీ ఆ పెద్ద బ్యాటరీ మీదే. జాతీయ రహదారి మీద సిగ్నల్ ఉంటే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. బంకుల్లో ప్లాస్టిక్ బాటిల్‌లో పెట్రోల్ పోయరు, అది కూడా గుర్తుంచుకోండి. పెట్రోల్ దొరికితే ఒక లీటరుతో సరిపెట్టకుండా కనీసం ఐదు లీటర్లు పోసి, అప్పుడు స్టార్ట్ చేయండి.

పాత బైకుల్లో ఉండేలా కారుకు వేరే రిజర్వ్ ఉండదు, లైటు వెలిగాక మిగిలేది చాలా కార్లలో ఐదు నుంచి ఏడు లీటర్లు. మీ కారు లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. ఇంధన పంపు ట్యాంకులోనే ఉంటుంది, దాన్ని చల్లగా ఉంచేది ఆ పెట్రోలే, కాబట్టి ఎప్పుడూ అడుగంటా నడిపే అలవాటు పంపుకు మంచిది కాదు. అడుగున చెత్త పైకి లాగుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు, పంపు నిండు ట్యాంకులో కూడా అడుగు నుంచే లాగుతుంది.

శ్రీశైలం వెళ్లేటప్పుడు కల్వకుర్తిలో ఫుల్ ట్యాంక్ కొట్టించండి. పది నిమిషాలు పడుతుంది, మామయ్యగారు కూడా దిగి కాస్త నడుస్తారు.

ప్రశ్న: హైబ్రిడ్ ఆగిపోతే తాడు కట్టి లాక్కెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: వద్దు. ముందు చక్రాలు నేల మీద తిరిగితే వాటితో పాటు మోటార్ కూడా తిరిగి కరెంటు పుట్టిస్తుంది, లోపలి భాగాలు దెబ్బతింటాయి. కారు మొత్తం ఎక్కే ఫ్లాట్‌బెడ్ బండే పిలవండి, అది దొరక్కపోతే ముందు చక్రాలు పైకెత్తి లాగే క్రేన్.