ఆల్కహాల్ వాల్వు దగ్గర తొందరపడకు

అమ్మణ్ణీ,

హైదరాబాద్‌లో ప్లాస్మా ప్లాంటులో, అదే రక్తంలోని పసుపు నీరు నుంచి మందులు తీసేచోట, నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. కావలిలో మా వీధంతా చెప్పుకొచ్చాను గానీ, పడుకుంటే నిద్ర పట్టలేదు.

గౌను, గ్లౌజులు, చేతులు కడగడం వాళ్లే నేర్పుతారు. గడ్డకట్టిన ప్లాస్మాని 1 నుంచి 6 డిగ్రీల మధ్యే కరిగించాలని, అడుగున మిగిలే తెల్లటి ముద్దలోనే రక్తం సరిగ్గా గడ్డకట్టని హిమోఫిలియా పిల్లలకి కావలసిన ఫ్యాక్టర్ 8 అనే ప్రోటీన్ ఉంటుందని చదివే ఉంటావు. ప్లాస్మాలోంచి తీసే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ని 60 డిగ్రీల దగ్గర 10 గంటలు ఉంచేది వైరస్‌లు చావడానికి, అందులో ఒక్క నిమిషం కూడా తగ్గించకూడదు.

నా భయమంతా ఆల్కహాల్ గురించే. ప్లాస్మాలో ప్రోటీన్లని ఒక్కొక్కటిగా విడదీయడానికి 1940ల్లో హార్వర్డ్‌లో కోన్ అనే శాస్త్రవేత్త చూపించిన దారి అది: ఆల్కహాల్ 8 శాతం దగ్గర రక్తం గడ్డకట్టించే ఫైబ్రినోజెన్, 25 దగ్గర యాంటీబాడీలు, 40 దగ్గర ఆల్బుమిన్ కిందికి దిగుతాయి, పీహెచ్ (పులుపు కొలత), చలి కూడా సరిగ్గా కుదిరితేనే. ఆల్కహాల్ నీళ్లలో కలిస్తే వేడి పుడుతుంది, ఆ వేడికి ప్రోటీన్లు పాడవుతాయి, అందుకే సన్నటి ధారగా పొయ్యాలి.

నేనూ ఇలాంటి ప్లాంటులోనే పనిచేశాను కదా, చేరిన రెండో ఏడు, నైట్ షిఫ్టు. తెల్లారితే సంక్రాంతికి ఊరికి బస్సు. 25 శాతం పని త్వరగా తెమిలిపోతుందని వాల్వు ఇంకాస్త తిప్పాను. ట్యాంకు అద్దంలోంచి చూస్తే ధార పడేచోట నురగ, పాలు విరిగినట్టు తెల్లటి పోగులు, మైనస్ 5 ఉండాల్సిన చోట మైనస్ 1. కట్టేశాను. కాసేపటికి మళ్లీ మైనస్ 5కి దిగింది. లాగ్‌బుక్‌లో మొదట్నించీ మైనస్ 5 అనే రాసి వెళ్లిపోయాను. బస్సులో ఒక్క ముద్ద మింగుడుపడలేదు, ముద్దకట్టిన యాంటీబాడీలు నరంలోకి ఎక్కితే బీపీ పడిపోతుంది, ఊపిరాడదు. ఒంగోలు బస్టాండ్‌లో దిగి ఎస్టీడీ బూత్ నుంచి సూపర్‌వైజర్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశాను. బ్యాచ్ ఆపారు, తర్వాత పారబోశారు. ఎంతోమంది చెయ్యి చాచి ఇచ్చిన ప్లాస్మా తల్లీ అది, ఇప్పటికీ తలుచుకుంటే కడుపులో దేవుతుంది.

నువ్వు అన్నం కూడా నమలకుండా మింగే పిల్లవి. వాల్వు దగ్గర ఆ తొందర చూపించావంటే ఊరుకోను. తప్పు జరిగితే జరిగిన అంకెనే రాయి, తిడితే తిట్టనీ, ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి, ఎన్ని గంటలైనా ఎత్తుతాను.

కోల్డ్ రూమ్‌లో కాళ్లు జిల్లుమంటాయి. రెండు జతల ఉన్ని మేజోళ్లు, ఉలవపాడు మామిడికాయలతో పాటు మీ నాన్నతో పంపిస్తున్నా.

పెద్దమ్మ