షాఫ్ట్ మళ్లీ అక్కడే విరిగిందా? విరిగిన ముఖం చూడండి

లోడ్ పెంచకపోయినా బ్లోయర్ (గాలి ఊదే యంత్రం) షాఫ్ట్, అంటే దాన్ని తిప్పే స్టీలు కడ్డీ, ఎనిమిది నెలల్లో రెండుసార్లు ఒకే చోట విరిగింది, మెటీరియల్ నాసిరకమా అని అడిగారు. ఒకే చోట రెండుసార్లు అంటున్నారు కాబట్టి నాకు మెటీరియల్ మీద పెద్దగా అనుమానం లేదండీ.

జీడిమెట్లలో మెయింటెనెన్స్ చూసే రోజుల్లో మాకూ ఇదే జరిగింది. మేమూ స్టీలునే అనుమానించి మామూలు ఈఎన్-8 రకం తీసేసి ఖరీదైన ఈఎన్-24 రకం వేయించాం. అదీ విరిగింది. అప్పుడు మా పెద్ద టర్నర్ (లేత్ మీద పనిచేసేవారు) ఆ ముక్కను ఎండలోకి తెచ్చి చూపించారు. విరిగిన ముఖంలో సగానికి పైగా నున్నగా ఉంది. చెరువు ఎండేకొద్దీ గట్టున మిగిలే నీటి జాడల్లా వంపు గీతలు. మిగిలిన కాస్త భాగం మాత్రం విరిచిన పటికబెల్లంలా గరుకుగా ఉంది. అంటే పగులు నెలల తరబడి మెల్లగా పాకింది, చివరి ముక్క మాత్రమే ఒక్కసారిగా తెగింది. దీన్నే ఫెటీగ్ అంటారు. గరుకు భాగం ఎంత చిన్నదైతే షాఫ్ట్ మీద లోడ్ అంత తక్కువని అర్థం.

బెల్టు ఒకవైపు లాగుతుంది కాబట్టి తిరిగే షాఫ్ట్ పైపొర ప్రతి చుట్టుకూ ఓసారి సాగుతుంది, ఓసారి నొక్కుకుంటుంది. నిమిషానికి 1,440 చుట్లంటే రోజుకు 20 లక్షల పైమాటే. 1842లో ఫ్రాన్స్‌లో వెర్సాయ్ దగ్గర ఇంజన్ ఇరుసు విరిగి యాభై మందికి పైగా చనిపోయారు. వాడగా వాడగా ఇనుము గుణమే మారిపోతుందని అప్పట్లో చాలామంది నమ్మారు. తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద ఏళ్లపాటు పరీక్షలు చేసి, ఒక్కసారి పడితే ఏమీ చేయని బరువే లక్షలసార్లు పడితే విరగ్గొడుతుందని తేల్చారు.

మా షాఫ్ట్‌లో గీతలన్నీ స్టెప్ మూల నుంచే, అంటే షాఫ్ట్ లావు నుంచి సన్నానికి మారే చోటు నుంచే మొదలయ్యాయి. ఆ మూలను లేత్ మీద పదునుగా కోసి వదిలేశారు, రేడియస్ (గుండ్రటి వంపు) ఇవ్వలేదు. పైగా బెల్టు జారుతోందని మేమే అతిగా బిగించాం. కొత్తదానికి 3 మి.మీ. రేడియస్ ఇచ్చి, నున్నగా పాలిష్ చేయించి, బెల్టు సరిగ్గా సెట్ చేశాం. నేను అక్కడున్న నాలుగేళ్లూ అది విరగలేదు.

దయచేసి ఆ ముక్కలను వైర్ బ్రష్‌తో రుద్దకండి, అతుకుతాయా అని ఒకదానికొకటి ఆనించి చూడకండి, గీతలు చెరిగిపోతాయి. కాస్త నూనె రాసి కవర్లో పెట్టండి. వెలుతురు ఏటవాలుగా పడేలా ఫోటో తీసి ఇక్కడ పెడితే, పగులు ఒక్క చోట నుంచి మొదలైందా, చుట్టూరా మొదలైందా చూసి చెబుతాను.